అరడుగు వెనక మార్కండేయ

సూరత్‌లోని అమ్రోలి హోంగార్డు దళంలో మార్కండేయది పద్నాలుగేళ్ల సర్వీసు. అన్నేళ్లలో ఆయన ఒక్క ఆదివారం కూడా కవాతు ఎగ్గొట్టలేదు. అలాగని ఒక్క ఆదివారం కూడా అందరితో కలిసి అడుగు వేసిన పాపాన పోలేదు. నలభై మంది ఎడమ కాళ్లు ఒక్కసారిగా నేలను తాకి ‘ధన్’ మన్నాక, అరక్షణం ఆగి ఆయన కాలు ‘టక్’ మనేది. దళంలో దర్జీలున్నారు, కిరాణా కొట్ల వాళ్లున్నారు, ట్యూషన్లు చెప్పుకునే మాస్టారొకాయన ఉన్నాడు. వాళ్లంతా ఇది మార్కండేయ నడక తీరు అనుకుని వదిలేశారు. మనిషన్నాక ఒకరికి నత్తి ఉంటుంది, ఒకరికి మెల్ల ఉంటుంది, ఇతనికి కాలు ఆలస్యం, అంతే.

అసలు సంగతి కాలిలో లేదు, చెవిలో ఉంది.

పదహారో ఏట సిరిసిల్ల నుంచి వచ్చి సూరత్ మరమగ్గాల షెడ్డులో నిలబడ్డాడు మార్కండేయ. ఇరవై ఎనిమిదేళ్లుగా రోజుకు పన్నెండు గంటలు, అటు నాలుగు మగ్గాలు, ఇటు నాలుగు మగ్గాలు, మధ్యలో ఆయన. ఆ రొదలో చెవులు ఒక్కరోజులో పోలేదు. ముందు పిచ్చుకల కూత పోయింది. తర్వాత కుక్కర్ విజిల్ పోయింది. ఆ తర్వాత వెనక నుంచి పిలిచేవాళ్లు పోయారు. చివరికి ఎదుట నిలబడి గొంతు చించుకుంటే తప్ప ఏదీ వినబడని స్థితికి వచ్చాడు. ఆయన ఉండే కోసాడ్ కాలనీలో ఈ సంగతి ఎవరూ కనిపెట్టలేదు. ఎలా కనిపెడతారు? అక్కడ మగ్గాల మీద పనిచేసే ప్రతి మనిషీ అరిచే మాట్లాడతాడు. టీవీ పెడితే నాలుగు ఇళ్లకు సరిపోయేంత పెడతాడు.

కవాతులో మాత్రం పెదవులు కాపాడేవి. దళానికి కమాండరు హస్ముఖ్‌భాయ్. ఆయన ‘బాయే ముడ్’ అంటే ముందు పెదవులు రెండూ కలుసుకుంటాయి, కాబట్టి ఎడమకు తిరగాలి. కలుసుకోకపోతే ‘దాయే’, కుడికి తిరగాలి. నోరు తెరుచుకుని ఠక్కున మూతబడితే ‘థమ్’, ఆగిపోవాలి. ఎందుకైనా మంచిదని రెండో వరసలో నిలబడి ముందువాడి మడమ కూడా చూసుకునేవాడు. పెదవులు చూసి, మడమ చూసి, అప్పుడు కాలు కదిపేసరికి ఆ అరక్షణం పట్టేది.

హస్ముఖ్‌భాయ్ గురించి రెండు ముక్కలు చెప్పాలి. ఆదివారం ఆయన సింహం. మిగతా ఆరు రోజులూ అమ్రోలి చౌరస్తాలో లోచో అమ్ముకుంటాడు. శనగపిండిని ఆవిరి మీద మెత్తగా ఉడికించి, నూనె, సేవ్ అనే సన్న కారప్పూస చల్లి ఆకులో పెట్టి ఇస్తాడు. ఆయన మాట్లాడేది గుజరాతీ కలిసిన హిందీ. మనం తెలుగులోనే చెప్పుకుందాం. కవాతయ్యాక పది నిమిషాలు చరిత్ర చెప్పకుండా ఆయన ఎవరినీ ఇంటికి పంపడు.

“పూర్వం రాజులకు జీతాల సైన్యం ఎంతుండేది? కొంచెమే! మిగతాదంతా నాగలి వదిలి కత్తి పట్టినవాళ్లే. యుద్ధం అయిపోతే మళ్లీ నాగలే. మన దళం ఎప్పుడు పుట్టింది? స్వాతంత్ర్యానికి ముందు సంవత్సరం, బొంబాయి రాష్ట్రంలో అల్లర్లు రేగినప్పుడు. పగలు కొట్లో కూర్చునేవాళ్లు సాయంత్రం లాఠీ పట్టారు. చైనా యుద్ధం తర్వాత దేశమంతా ఇలాంటి దళాలు లేచాయి. డెబ్బై ఒకటిలో పాకిస్తాన్‌తో యుద్ధమప్పుడు ఊరంతా దీపాలార్పితే మా నాన్న టార్చికి నల్ల కాగితం చుట్టుకుని వీధులు తిరిగాడు. నోరెత్తితే జనం బెదిరిపోతారని సైగలన్నీ టార్చితోనే చేశాడు!”

పద్నాలుగేళ్లుగా ఇదే ఉపన్యాసం. మార్కండేయకు ఇందులో ఒక్క ముక్క వినబడకపోయినా మొత్తం కంఠతా వచ్చు.

ఆయన ఈ దళంలోకి వచ్చిందే హస్ముఖ్‌భాయ్ వల్ల. రెండు వేల ఆరు ఆగస్టులో తాపీ పొంగినప్పుడు అమ్రోలిలో అద్దె ఇంటి డాబా మీద తల్లి లింగవ్వతో రెండు రోజులు చిక్కుకుపోయాడు. మూడో రోజు పడవలో ఖాకీ బట్టల మనిషొకడు వచ్చి, ముసలమ్మను భుజాన వేసుకుని దించాడు. నీళ్లు తీశాక దండం పెట్టుకుందామని మార్కండేయ ఊరంతా వెతికితే, ఆ మనిషి చౌరస్తాలో అదే భుజం మీద తువ్వాలు వేసుకుని లోచో తూకం వేస్తున్నాడు. పోలీసు కాదు, మిలటరీ కాదు, పిండి కలుపుకునే మనిషి! మార్కండేయ బిత్తరపోయాడు. వారం తిరక్కుండా తన పేరూ రాయించుకున్నాడు. “నా కొడుకు గూడ గట్లనే ఎవలనన్న ఎత్తుకుంటడు సూడుండ్రి” అని లింగవ్వ కన్ను మూసేదాకా వాడకట్టంతా చెప్పుకుంది. షెడ్డులో ఆయనకు పేరు లేదు, ఐదు నుంచి పన్నెండు నంబర్ల మగ్గాలవాడు అంటారు. ఖాకీ తొడిగితేనే మార్కండేయ. ఆ బట్టలంటే ఆయనకు ప్రాణం.

అలాంటి బట్టలకు కరోనా ఎసరు పెట్టింది.

లాక్‌డౌన్‌లో మగ్గాలు ఆగిపోయాయి. హోంగార్డులకు మాత్రం పని రెట్టింపైంది. మొదట్లో డ్యూటీలు ఫోన్‌లో చెప్పేవారు. ఫోను ఇంటర్ చదివే కూతురు రుచిత ఎత్తి, తండ్రికి అరిచి చెప్పేది. అందరికీ మాస్కులు కావాలని హస్ముఖ్‌భాయ్ అడిగితే, ఇంట్లో చీరలకు లేసు కుట్టే భూదేవి, అంటే మార్కండేయ భార్య, మిగిలిపోయిన చీర ముక్కలతో యాభై మాస్కులు కుట్టి పంపింది. ఒక్కటీ సాదాగా లేదు. దళమంతా నెమళ్లతో, మామిడి పిందెలతో కళకళలాడింది. కమాండరు మూతి మీద గులాబీలు పూశాయి.

మే నెల మొదటి ఆదివారం, నెలన్నర తర్వాత మళ్లీ స్కూలు మైదానంలో హాజరు. ఆరడుగులకొకటి చొప్పున సున్నంతో గుండ్రాలు గీశారు. రెండు వరసలు చాలక నాలుగు వరసలు చేశారు. ఆ సర్దుబాటులో మార్కండేయ ముందు వరసలో, చివరి గుండ్రంలో పడ్డాడు. ఎదురుగా చూస్తే పెదవులు లేవు, గులాబీలున్నాయి. ముందు చూస్తే మడమ లేదు, ఖాళీ మైదానం ఉంది.

పక్కవాడు కదలడం కంటి చివర కనబడి, తనూ కదిలాడు. లెఫ్ట్, రైట్, లెఫ్ట్. బాగానే ఉంది. మైదానం సగం దాటాడు. గేటు వచ్చింది. గేటు దాటాడు. రోడ్డు దాటాడు. మూసి ఉన్న పాన్ డబ్బా ఎదురొచ్చింది. ఇక్కడిదాకా కవాతు ఎందుకు తెచ్చారబ్బా అని పక్కకు చూస్తే, పక్కన నడుస్తున్నది ఒక వీధి కుక్క. వెనక్కి తిరిగితే దూరాన మైదానం మధ్యలో దళమంతా ఆగి నిలబడి, నోళ్లకున్న మాస్కుల మీద చేతులడ్డం పెట్టుకుని ఊగిపోతోంది.

తిరిగొచ్చాక హస్ముఖ్‌భాయ్ ఆరడుగుల దూరంలో నిలబడి ఏదో అడిగాడు. గులాబీలు కదిలాయి.

“జీ సాబ్” అన్నాడు మార్కండేయ.

గులాబీలు మళ్లీ కదిలాయి.

“జీ సాబ్.”

ఈసారి కొంచెం ఎక్కువసేపు కదిలాయి.

“జీ సాబ్, జీ సాబ్.”

కమాండరు నడుచుకుంటూ ఆయన వెనక్కి పోయాడు. కాసేపటికి ఎదురుగా ఉన్న వాళ్లంతా ఒక్కసారి ఉలిక్కిపడటం మార్కండేయ చూశాడు. ఎందుకు ఉలిక్కిపడ్డారో తెలియక, మర్యాదకు తనూ కొంచెం ఉలిక్కిపడ్డాడు. వెనక్కి చూస్తే హస్ముఖ్‌భాయ్ కావాలని పడేసిన రేకు బకెట్ నేల మీద దొర్లుతోంది. ఆయన మాస్కు కిందికి లాగి, పెదవులు కనబడేలా, మెల్లగా అడిగాడు.

“ఎన్నాళ్ల నుంచి?”

మార్కండేయ తల దించుకున్నాడు.

హస్ముఖ్‌భాయ్ చెడ్డవాడు కాదు. కానీ ఆయన భయం ఆయనది. “హైవే చెక్‌పోస్టులో నిలబడతావు. వెనక నుంచి లారీ హారన్ కొడుతుంది. నీకు వినబడదు. ఆ తర్వాత నేను మీ ఇంటికొచ్చి భూదేవిబెన్‌కు ఏం చెప్పాలి?” అన్నాడు. ఆస్పత్రులన్నీ కరోనాతో నిండి ఉన్నాయి కాబట్టి పరీక్ష తనే పెడతానన్నాడు. వచ్చే ఆదివారం, పదడుగుల దూరం, మూతికి మాస్కు, పది ఆజ్ఞలు. ఏడు సరిగ్గా చేస్తే దళంలో ఉంటాడు. చేయలేకపోతే యూనిఫాం ఉతికి, ఇస్త్రీ చేసి, అప్పజెప్పాలి.

ఇంటికొచ్చి మార్కండేయ సంగతంతా చెప్పాడు. ఇన్నేళ్లు భార్యకు కూడా దాచినందుకు తిడుతుందేమోనని ముందే సిద్ధపడ్డాడు.

“నీకు ఇనబడదని నాకు పన్నెండేండ్ల సంది ఎర్కే” అని ఎదురుగా కూర్చుని అరిచి చెప్పింది భూదేవి, సూదిలో దారం ఎక్కిస్తూ.

“మరి చెప్పలేదేంది?”

“ఎందుకు చెప్పాలె? నాకు మంచిగనే నడుస్తుంది గదా. మంచి మాటైతే గట్టిగ చెప్త. తిట్లైతే మెల్లగ తిడ్త. నువ్వు నవ్వుకుంట కూసుంటవ్.”

రుచిత పడీ పడీ నవ్వింది. మార్కండేయకు మాత్రం నవ్వు రాలేదు. గోడకు తగిలించిన ఖాకీ చొక్కా వంక చూస్తూ కళ్లు తుడుచుకున్నాడు. పొరుగింటి బుచ్చిరాములు గడపకవతల కూర్చుని అంతా విన్నాడు. షెడ్డులో మార్కండేయ పక్క మగ్గాలు ఆయనవే, వరసకు బావ.

“గింత దానికి ఏడుస్తవేంది బావా. కమాండర్ ఎన్క చెట్టు లేదా? నేను దాని మీద కూసుంట. ఆయనేమంటడో గది సాంచాల సైగల చెప్త. నువ్వు జర పైకి సూస్కుంట చెయ్యి.”

సాంచాలంటే మరమగ్గాలే. షెడ్డులో ఎవరూ నోటితో మాట్లాడరు, మాట్లాడినా లాభం లేదు. అంతా చేతి సైగలే. వేలు గాలిలో గిర్రున తిప్పితే మెషీన్ చాలూ, అంటే నడిపించమని. రెండు చేతులూ మణికట్ల దగ్గర అడ్డంగా కలిపి ఒక్కసారి కిందికి దించితే మెషీన్ బంద్. పొట్ట ముందు చేతులు గుండ్రంగా పెడితే బీము నిండుగా ఉందని, అంటే నూలుకు కొదవ లేదని. అదే పొట్టను నిమిరితే సేఠ్ వస్తున్నాడని. ఒడియావాడైనా, బీహారువాడైనా, మనవాడైనా షెడ్డుకొచ్చిన వారంలో నేర్చుకునే భాష ఇదే.

“చోరీ పకడీ జాయేగీ కాకా, దొరికిపోతం” అంది రుచిత. “యాభై ఏండ్ల మనిషి చెట్టెక్కి డాన్స్ చేస్తే కమాండర్‌కి దిఖ్‌తా నహీ క్యా, కనబడదా? బాపూ, టెన్షన్ తీస్కోకు. మమ్మీ, చీర డబ్బాల మీద ప్లాస్టిక్ కాగితం ఉంటది చూడు, పారదర్శక్‌గ. గది మాస్కుల నడుమల కుడితే? పెదవులు మస్తు కనబడ్తయ్!”

ఆ ఆలోచన భూదేవికి నచ్చింది. ఆ సాయంత్రమే కొత్త మాస్కు కుట్టింది. అంచుకు లేసు కూడా వేసింది. మధ్యలో అరచేతి వెడల్పున కిటికీ. మర్నాడు ముగ్గురూ దాన్ని పట్టుకుని చౌరస్తాకు వెళ్లారు. హస్ముఖ్‌భాయ్ కొట్టు బయటికి మూసే ఉంది, లోపల మాత్రం పెద్ద పొయ్యి మీద పని లేని కూలీల కోసం ఖిచిడీ ఉడుకుతోంది.

“పరీక్షకు ముందే కానుకలా?” అన్నాడాయన. అయినా పెట్టుకున్నాడు. కిటికీలోంచి మీసం, పెదవులు, మధ్యలో బంగారు పన్ను, అన్నీ స్పష్టంగా కనబడ్డాయి. “సావధాన్!” అన్నాడు. మార్కండేయ ఠక్కున నిటారుగా నిలబడ్డాడు. రుచిత చప్పట్లు కొట్టింది. “విశ్రామ్!” అనేసరికి ప్లాస్టిక్ మీద ఆవిరి పట్టింది. మూడో మాటకు కిటికీ తెల్లబడిపోయి, దాని వెనక కమాండరున్నాడో లేడో కూడా తెలియలేదు. దానికి తోడు ఖిచిడీ ఆవిరి. ఊపిరాడక ఆయన మాస్కు పీకి పారేసి పొయ్యి దగ్గర దగ్గుతూ కూర్చున్నాడు.

“ఆదివారం రా మార్కండేయా” అన్నాడు చివరికి, కళ్లు తుడుచుకుంటూ. “నాకు మాత్రం ఇష్టమా?”

భూదేవి ఇంటికొచ్చి రెండో జత యూనిఫాం నానబెట్టింది. ఉతికి ఇవ్వాల్సి వస్తే మురికిగా ఇవ్వడం ఆమెకు ఇష్టం లేదు.

గురువారం నాడు అదే స్కూలు మైదానంలో ఊళ్లకు పోయే కూలీల పేర్లు రాసుకుంటున్నారు. రైళ్లు వదులుతున్నారని తెలిసి తెల్లవారేసరికి రెండు వేల మంది వచ్చేశారు. అందరూ మగ్గాల మనుషులే. నెలన్నరగా పని లేక, తిండి సరిగ్గా లేక, ఇల్లు చేరితే చాలనుకుంటున్న వాళ్లు. బుచ్చిరాములు కూడా ముసలి తల్లిని చూసి రావాలని వరసలో నిలబడ్డాడు. దళానికి మైదానం డ్యూటీ. మార్కండేయను చెట్టు కింద నీళ్ల ట్యాంకరు దగ్గర పెట్టారు. వినబడినా వినబడకపోయినా నీళ్లు పట్టొచ్చు కదా.

పదింటికి హస్ముఖ్‌భాయ్ చేతిలోని మైకు గొంతు పోయింది. పదిన్నరకు ఎక్కడో ఒక మూల నుంచి ఫారాలు అయిపోయాయట అన్న పుకారు లేచింది. మార్కండేయకు ఆ మాట వినబడలేదు. ఆయనకు కనబడింది వేరు. మగ్గం మీద పడుగు సడలే ముందు దారాలు ఒక పక్కకు ఎలా ఒరుగుతాయో అలా వరసలు గేటు వైపు ఒరుగుతున్నాయి. ముందున్నవాళ్లు గేటు ఊచలకు అతుక్కుపోయారు. వెనకవాళ్లు ఇంకా తోస్తున్నారు. ఒక పెద్దాయన టోపీ కిందపడింది, ఆయన వంగాడు, మళ్లీ లేవలేకపోతున్నాడు. రోడ్డు మీది జీపులోంచి పోలీసులు లాఠీలు పట్టుకుని దిగుతున్నారు. హస్ముఖ్‌భాయ్ బల్లెక్కి అరుస్తున్నాడు, మాస్కు లోపలికీ బయటికీ కొట్టుకుంటోంది కానీ ఆ గోలలో పక్కనున్నవాడికి కూడా ఆయన మాట అందడం లేదు.

గోల అందరినీ బెదరగొడుతోంది. మార్కండేయకు గోల లేదు. ఆయనకు అది షెడ్డులో మామూలు పూట లాగానే ఉంది. షెడ్డులో ఎవరి చెయ్యైనా మెషీన్లో పడబోతే ఏం చేయాలో ఆయన చేతులకు తెలుసు. ట్యాంకరు నిచ్చెన పట్టుకుని గబగబా పైకెక్కాడు. ఖాకీ మనిషి పైకెక్కడం చూసి కొందరు తలెత్తారు. రెండు చేతులూ ఎత్తి, మణికట్ల దగ్గర అడ్డంగా కలిపి, బలం కొద్దీ కిందికి దించాడు.

మెషీన్ బంద్.

ఆ సైగ చూశాక ఆలోచించడం ఉండదు. ఆలోచిస్తే ఎవరి వేళ్లో పోతాయి. ముందు బుచ్చిరాములు కుడి చెయ్యి గాలిలోకి లేచి, లేని హ్యాండిల్‌ను పట్టుకుని లాగింది. పక్కన ఒడియా కుర్రాళ్ల చేతులు లాగాయి. వాళ్ల వెనక బీహారు వాళ్లవి. చూస్తుండగానే వందల కుడి చేతులు ఏమీ లేని గాలిలో హ్యాండిళ్లు లాగి బంద్ చేశాయి. కాళ్లు కూడా ఎక్కడివక్కడ ఆగాయి. తమ చేతులు ఏం చేశాయో చూసుకుని కొందరు వాళ్లలో వాళ్లే నవ్వుకున్నారు. కిందపడ్డ పెద్దాయనను ఇద్దరు లేపి నిలబెట్టారు.

మార్కండేయ పొట్ట ముందు చేతులు గుండ్రంగా పెట్టి, ఫారాల బల్ల వైపు చూపించాడు. బీము నిండుగా ఉంది. ఎవరికీ కొదవ లేదు. నాలుగు వేళ్లు చూపించి, అరచేయి కిందికి దించాడు. నలుగురు నలుగురుగా కూర్చోండి. జనం కూర్చోవడం మొదలైంది. మూలనెక్కడో కూర్చున్న ఒకడు బొటనవేలు నోటి దగ్గర వంచి చాయ్ ఉందా అని అడిగాడు. మార్కండేయ హస్ముఖ్‌భాయ్ వైపు తల ఊపి, తన పొట్ట నిమిరాడు. సేఠ్ వస్తున్నాడు, ఊరుకో అని. కమాండరు పొట్ట కూడా ఆ సైగకు తగ్గట్టే ఉందేమో, మైదానమంతా గొల్లుమంది. లాఠీలు తిరిగి జీపెక్కాయి. జనం తనను చూసి ఎందుకు నవ్వుతున్నారో అర్థంకాక, హస్ముఖ్‌భాయ్ బల్ల మీద నిలబడి బెల్టు సర్దుకున్నాడు.

సాయంత్రం నాలుగింటి దాకా మార్కండేయ ట్యాంకరు దిగలేదు. నాలుగు నాలుగుగా లేపి బల్ల దగ్గరికి పంపుతూనే ఉన్నాడు. దిగేసరికి భుజాలు పట్టేశాయి. హస్ముఖ్‌భాయ్ దగ్గరికొచ్చి ఒక నీళ్ల సీసా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. ఏమైనా అన్నాడేమో, మాస్కు వల్ల తెలియలేదేమో అని మార్కండేయ ఇల్లు చేరేదాకా మథనపడ్డాడు.

ఆదివారం పొద్దున భూదేవి ఇస్త్రీ చేసిన రెండో జతను చీర కవరులో పెట్టి ఇచ్చింది. తొడుక్కున్నది మొదటి జత. దారంతా మార్కండేయ ఒక్కటే అనుకున్నాడు. చెట్టెక్కే దొంగ వేషాలు వద్దు, పది మందిలో పరీక్ష తప్పడమూ వద్దు. నిజం చెప్పి, పరువుగా అప్పజెప్పేద్దాం. అమ్మ మాట నిలబెట్టలేకపోయానే అన్న బాధ ఉంది. ఉంటే ఉండనీ. భూదేవి, రుచిత కూడా కొత్త మాస్కుల సంచీతో వెనకే వచ్చి గేటు దగ్గర నిలబడ్డారు.

ఆయన నేరుగా కమాండరు ముందుకెళ్లి కవరు చాచాడు. “సాబ్, పరీక్ష వద్దు. పదిలో ఏడు కాదు, ఒక్కటి కూడా నాకు వినబడదు. దాచిపెట్టాను, తప్పే. ఇవి ఉతికే ఉన్నాయి.”

హస్ముఖ్‌భాయ్ కవరు తీసుకోలేదు. వేలితో సున్నపు గుండ్రం చూపించాడు. వెళ్లి నిలబడు. ముందు వరస, చివరి గుండ్రం. కవరు చంకలో పెట్టుకునే నిలబడ్డాడు మార్కండేయ.

కమాండరు దళం ఎదుటికి వచ్చాడు. మెడలోని విజిల్ తీసి జేబులో వేసుకున్నాడు. ఎర్ర గులాబీల మాస్కు ముక్కు మీదికి లాక్కున్నాడు. అది కదలలేదు. అప్పుడు కుడి చేయి పైకెత్తి, చూపుడు వేలు గాలిలో గిర్రున తిప్పాడు.

మెషీన్ చాలూ.

ఆయన తిప్పిన తీరు అచ్చం షెడ్డులో బుచ్చిరాములు తిప్పినట్టే ఉంది. శుక్ర, శనివారాలు రెండు రోజులూ ఖిచిడీ పొయ్యి దగ్గర కూర్చుని బుచ్చిరాములు కమాండరుకు పాఠాలు చెప్పిన సంగతి మార్కండేయకు ఆ తర్వాత గానీ తెలియలేదు. ఆ క్షణంలో ఆయనకేమీ తోచలేదు. ఎడమ కాలు దానంతటదే లేచి నేలను తాకింది. టక్.

మిగతా దళానికి ఆ వేలు ఏమంటోందో తెలిస్తే కదా! దర్జీ కిరాణా ఆయనను చూశాడు. కిరాణా ఆయన మాస్టారిని చూశాడు. మాస్టారు మార్కండేయ మడమను చూశాడు. అరక్షణం తర్వాత వెనక నుంచి, ఒకదాని మీద ఒకటి పడుతూ, ధన్ ధన్ మని బూట్లు మోగాయి.

హస్ముఖ్‌భాయ్ రెండు చేతులూ అడ్డంగా కలిపి కిందికి దించాడు. మార్కండేయ ఆగాడు. దళం ఆగలేదు. దర్జీ ఇద్దరిని గుద్దుకున్నాడు. మాస్టారు గేటు దాకా వెళ్లి, భూదేవి చేతిలోని సంచీ చూసి, సిగ్గుపడి వెనక్కి తిరిగాడు. కుడికి, ఎడమకు, వెనక్కి, మళ్లీ చాలూ, మళ్లీ బంద్. పది సైగలకు పది సరిగ్గా చేసింది దళం మొత్తంలో ఒక్కడే.

కమాండరు దగ్గరికొచ్చి, ఆరడుగుల దూరంలో ఆగి, మాస్కు కిందికి లాగాడు. పెదవులు కనబడేలా ఒక్కో మాటా విడదీసి చెప్పాడు.

“హైవే మీద నిన్ను నిలబెట్టను. ఆ విషయంలో నా మాట మారదు. జనం ఉన్నచోట డ్యూటీ నీది. మా నాన్న టార్చితో చేసిన పనే కదా నువ్వు చేసింది. ఇక వచ్చే ఆదివారం నుంచి వీళ్లకు ఈ సైగలన్నీ నువ్వే నేర్పాలి. చూశావుగా, అందరూ నీకు అరడుగు వెనకున్నారు.”

మార్కండేయ “జీ సాబ్” అన్నాడు. ఈసారి ప్రతి మాటా తెలిసి అన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగి, మాస్కు పై అంచు తడిసింది. చంకలో కవరు జారిపోతుంటే గట్టిగా పట్టుకున్నాడు.

గేటు దగ్గర భూదేవి మాస్కు గడ్డం కిందికి లాగి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, గుండెల నిండా గాలి పీల్చింది. మంచి మాట కాబట్టి గట్టిగానే చెప్పింది.

“ఏయ్! ఆ ముందలున్నోడు నా మొగుడు!”

మైదానం ఉలిక్కిపడింది. చెట్టు మీది కాకులు లేచిపోయాయి. మార్కండేయ ఆమె వైపు వెన్ను తిప్పి నిలబడి ఉన్నాడు, పెదవులు కనబడే వీలే లేదు. అయినా గిర్రున వెనక్కి తిరిగాడు.